కృష్ణ పదార్థ పరిశోధనలో చేరడానికి దారి చెప్పగలరా?

నమస్కారం. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చివరి ఏడాది చదువుతున్నాను. కృష్ణ పదార్థాన్ని (డార్క్ మేటర్: కంటికి కనిపించదు, గురుత్వాకర్షణ ద్వారానే దాని ఉనికి తెలుస్తోంది) వెతికే పనిలో నాకూ చోటు దొరకాలని ఎంతో ఆశ. అమెరికాలోని దక్షిణ డకోటాలో, పాత బంగారు గనిలో, సుమారు 1.5 కిలోమీటర్ల లోతున 7 టన్నుల ద్రవ జినాన్‌తో (చల్లబరిచి ద్రవంగా మార్చిన జడ వాయువు) లక్స్-జెప్లిన్ అనే కృష్ణ పదార్థ అన్వేషణ ప్రయోగం నడుస్తోంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల అలజడి తగలకూడదనే అంత లోతు! అందులో పలు దేశాల శాస్త్రవేత్తలు ఉన్నారు. మన దేశంలో, జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలోనూ 555 మీటర్ల లోతున ప్రయోగశాల ఉందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాన్నగారు వెల్డింగ్ పని చేస్తారు, విదేశీ ఫీజులు కట్టలేం. జెస్ట్ (భౌతికశాస్త్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష) రాసి ఇక్కడే పీహెచ్‌డీలో చేరితే అంతర్జాతీయ బృందాలతో పనిచేసే అవకాశం వస్తుందా? లేక స్టైపెండ్ ఇచ్చే విదేశీ విశ్వవిద్యాలయాలకు ఇప్పుడే దరఖాస్తు చేయాలా? పైథాన్ కొంత వచ్చు, డిటెక్టర్ల అనుభవం లేదు. ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి.