రంగమెక్కినవాడా, రంగమేగినవాడా?

భీమిలి కోడలు: మా అత్తగారి నాయనమ్మ తిరగలి దగ్గర పాడే పాటలో మాకు మిగిలినది ఇంతే: “రంగమేగిన వాడు రాడని, రేవు గట్టున…” ఆ పై మాట ఎవరికీ గుర్తు లేదు. మా ఆడపడుచు మాత్రం “రంగమెక్కిన” అంటుంది. మా ఊరి నుంచి మొదట రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి అక్కడే స్థిరపడినది ఆ నాయనమ్మ మామగారేనట. ఆయన జాడ వెతుకుతున్నాను. ‘ఏగిన’ అంటే వెళ్ళిన అనే; ‘ఎక్కిన’ అయితే మా రేవులోనే ఓడ ఎక్కాడనుకోవచ్చు. ఏది సరి?

రగడప్రియుడు: ఛందస్సే తేలుస్తుందమ్మా. మూడు, నాలుగు మాత్రల నడక, అచ్చం ముత్యాలసరం. ‘ఏగిన’ తప్ప మరొకటి పట్టదు.

పాతపొత్తం: లెక్క వేశారా మాస్టారూ? ‘మేగిన’ నాలుగు, ‘మెక్కిన’ కూడా నాలుగే. ‘మెళ్ళిన’ అన్నా నాలుగే.

రగడప్రియుడు: ఒప్పుకున్నాను. కానీ ఈ నడక 1910లో గురజాడతోనే పుట్టిందంటే మాత్రం ఒప్పుకోను. ఇదే నడక గల పాత ఛందస్సు వృషభగతి రగడ ఎన్నాళ్ళ నుంచి ఉంది!

తూర్పుగాలి: పుట్టిందని ఎవరన్నారు? విజయనగరంలో ఉన్న మనిషి చెవిన తిరగలి పాటలు పడకుండా ఉంటాయా? దానిని కవిత్వంగా నిలబెట్టడమే ఆయన గొప్ప. ఇక ‘ఏగు’ కావ్యాల మాట. పిండి విసిరే ఆవిడ నోటికి ‘ఎక్కిన’నే వస్తుంది. మెయిలు ఎక్కాడు అనమూ? రంగం ఓడ ఎక్కడం నలిగి రంగమెక్కడం అయింది.

పాతపొత్తం: ఆదిభట్ల నారాయణదాసు హరికథలు చెప్పిన సీమలో ఆడవారికి ‘ఏగు’ తెలియదా? బాగుంది.

శ్రీకాకుళం చెరువు: అసలు రంగం శ్రీరంగం కాకూడదా?

తూర్పుగాలి: శ్రీరంగం పోయినవాడు ప్రసాదంతో తిరిగి వస్తాడండి.

గోదావరి మొగ: బర్మాలో మనవారిని కోరంగి రేవు పేరున కోరంగీలు అనేవారు. ‘కోరంగెక్కిన’లో ‘కో’ జారిపోయిందని నా సిద్ధాంతం.

రగడప్రియుడు: ‘కో’ చేరిస్తే మొదటి గణమే కూలుతుంది. పైగా 1839 తుపానుకు కోరంగి రేవు దెబ్బతిన్నది. దిగువ బర్మా ఇంగ్లీషువారి చేతికి వచ్చినది 1852లో. రంగంలో ధాన్యం మిల్లులకు కూలీల గిరాకీ ఆ తరువాతి కథ.

భీమిలి కోడలు: మీ గణాలు బాగున్నాయి గానీ మా ముసలాయన ఇంకా గట్టు మీదే ఉన్నాడు. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారికి 1860 నాటి ట్రూరో ఓడ మొదలుకొని పట్టీలున్నాయి: నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు. బర్మా 1937 దాకా ఇండియాలో భాగమే కనుక రంగానికి అటువంటి ఒప్పంద పట్టీలు లేవు. కూలీలను పోగుచేసే మేస్త్రీ వాళ్ళ చేతిలో బయానా పెట్టి ఓడ ఎక్కించడమే. ఆయన పేరున మాకున్న దస్తావేజు ఈ ఒక్క అక్షరం.

తూర్పుగాలి: ‘ఎక్కించడమే’ అని మీరే అన్నారు. తేలిపోయింది.

పాతపొత్తం: ఏమి తేలింది? ముందు ‘రాడని’ ఎవరు ఎవరితో అన్నారో చెప్పండి.

భీమిలి కోడలు: ఇప్పుడే ఆడపడుచుకు ఫోను చేశాను. ‘రాడని’ కాదట, ‘రాడనె’ అట. ఎవరో వచ్చి చెప్పినట్టు.

రగడప్రియుడు: అది కూడా నాలుగే మాత్రలు.