ఓవర్‌ఫ్లోకు ‘మత్తడి’ అనొచ్చా? రీఫ్ ట్యాంకు పంపు ముచ్చట

హన్మకొండ నుంచి:
అందరికి నమస్తే. ఉప్పునీళ్ల రీఫ్ ట్యాంకు, అంటే ఇంట్ల పగడాలు పెంచే అక్వేరియం, పెట్టాలనుకునే మనోళ్ల కోసం పంపు ఎట్ల కొనాలె అని తెలుగుల ఒక నోటు రాస్తున్న. పంపు, పైపు, ట్యాంకు ఇవన్ని ఎప్పుడో మన మాటలైపోయినయి గని ఓవర్‌ఫ్లో కాడ ఆగిపోయిన. పైన ట్యాంకు నిండినంక అంచు మీదికెల్లి నీళ్లు కింద సంపులకు, అంటే దాని కింద పెట్టే ఇంకో ట్యాంకులకు, దిగే జాగ అది. ‘అధికజల నిర్గమం’ అసొంటిది రాస్తే చదివేటోడు ఆడనే మూసేస్తడు. నాకైతే మత్తడి అనాలనిపిస్తున్నది. పాకాల, లక్నవరం చెరువులు నిండితే ‘మత్తడి దుంకుతున్నది’ అంటం గద, గదే పని ఇది.

ఈ మాట పెడితే ఇంకో సంగతి కూడ తేటగ చెప్పొచ్చు. చెరువుల నీళ్లు ఎందాక నిలవాలె అనేది మత్తడి ఎత్తును బట్టి ఉంటది. ట్యాంకు గూడ అంతే, పెద్ద పంపు పెట్టినంత మాత్రాన మట్టం పెరిగి నిలవది, మత్తడి అవతల దిగే పైపు అన్ని నీళ్లు గుంజలేకపోతే హాల్లనే వరద. అందుకే పంపు కొనేముందు ఆ పైపు గంటకు ఎన్ని లీటర్లు దించుతదో చూడాలె.

కాకినాడ నుంచి:
మత్తడి అంటే మా వైపు చాలామందికి తెలీదండి, అలుగు అంటే ఎక్కువమందికి అర్థమవుతుంది. అయినా పంపు చిన్నదైతే పగడాలకి ఎలా సరిపోతుందండి? సముద్రంలో నీళ్లు ఒక్క క్షణం ఊరుకోవు కదా.

హన్మకొండ నుంచి:
మంచి ప్రశ్న అడిగిండ్రు, అందరు ఆడనే గలత్ అయితరు. కింది నీళ్లు పైకెక్కిచ్చే పంపు వేరు, ట్యాంకుల నీళ్లను కలియదిప్పే వేవ్‌మేకర్ వేరు. ఎక్కిచ్చేదానికి గంటకు ట్యాంకు నీళ్లకు 3 నుంచి 5 రెట్లు వస్తే చాలు, అంటే 300 లీటర్లకు 900 నుంచి 1500 లీటర్లు. అలల పని వేవ్‌మేకర్లది, మెత్తటి పగడాలకు 10, 20 రెట్లు, కొమ్మలుకొమ్మలుగ పెరిగే గట్టి పగడాలకు 30 రెట్లు, ఇంకా పైన కూడ పెడతరు. అది కూడ ఒక్కదిక్కే ధార కొట్టొద్దు, దగ్గర్ల ఉన్న పగడం మీది కండ ఊడి తెల్లటి ఎముకలెక్క మిగుల్తది. రెండు దిక్కుల నుంచి వచ్చి మధ్యల సుడి తిరగాలె.

ములుగు నుంచి:
అన్నా, నువ్వు చెప్పిన కింది నీళ్లు పైకెక్కిచ్చే పంపుకు, అదే రిటర్న్ పంపుకు, ఎత్తిపోత పంపు అని రాయి. గోదారి నీళ్లు గంగారం కాడ ఎత్తి ధర్మసాగర్ దాక తెస్తున్నరు, దేవాదుల పుణ్యాన ఎత్తిపోతలంటే తెలవనోడు లేడు ఈడ. పంపు నీళ్లను ఎంత ఎత్తుకు ఎక్కిస్తదో చెప్పే హెడ్ అనే మాట మాత్రం మార్చకు, బాయి మోటర్ కొనే రైతు కూడ ‘హెడ్ ఎంత’ అనే అడుగుతడు. డబ్బా మీద 3000 లీటర్లు, 3 మీటర్ల హెడ్ అని ఉంటే ఆ రెండు ఒక్కసారి రావని గట్టిగ రాయి. 3000 అనేది ఎత్తు సున్నా ఉన్నప్పుడు, 3 మీటర్ల కాడ చుక్క రాదు. సంపు నుంచి పైదాక నాలుగైదు ఫీట్లు, మీద రెండు మూడు ఎల్బోలు, మిగిలేది చూస్తే సగం దగ్గర్లకు పడిపోతది. కంపెనీ ఇచ్చే గ్రాఫుల మన ఎత్తు కాడ ఎంతొస్తదో అది చూసి కొనాలె.

ఇంకోటి, కరెంటు పోతే పైనీళ్లు పంపు ఎక్కిచ్చే పైపుల నుంచే ఎనకకు సంపులకు దిగుతయి. పైపుకు నీటిమట్టం కింద కొంచెమే దిగువల ఒక చిన్న బొక్క పెడితే గాలి గుంజుకొని ఆగుతది, అయినా సంపుల జాగ ఖాళీ ఉంచాలె. ఆ బొక్కల పాచి పట్టకుండ చూసుకోవాలె.

కరీంనగర్ నుంచి:
కూలర్ల ఏసే మోటర్ నడుస్తదా? సగం ధరకు దొరుకుతది.

హన్మకొండ నుంచి:
వద్దన్నా. అది మంచినీళ్లకు చేసింది, లోపల ఇనుప షాఫ్ట్ ఉంటే ఉప్పుకు తుప్పు పడతది, ఎక్కడన్న రాగి తగిలిందంటే పగడాలు, రొయ్యలు పోతయి. సిరామిక్ షాఫ్ట్ ఉన్నదే చూడు. వాట్లు కూడ చూడు, నీళ్లల్ల ముంచి నడిపే పంపుల పుట్టే వేడి ట్యాంకు నీళ్లలకే పోతది, మన మే నెలల ట్యాంకును 27 డిగ్రీల లోపల ఆపుడు మామూలు తిప్పలు కాదు.

నోటుల మత్తడి అనే రాస్తున్న, మొదటిసారి వచ్చిన కాడ పక్కన అలుగు అని పెడత. వేవ్‌మేకర్‌కు మాత్రం ఏ మాట కుదుర్తలేదు, ‘సుడిపంపు’ ఎట్లుంది?