ఓపెన్ సోర్స్‌లో మా విద్యార్థినుల తొలి అడుగుకు దారి చెప్పగలరా?

నమస్కారం. నేను వరంగల్‌లోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. తరగతిలో సగానికి పైగా అమ్మాయిలే అయినా, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చగలిగే సాఫ్ట్‌వేర్లకు) కోడ్ పంపేది దాదాపుగా అబ్బాయిలే. ఇలాంటి ప్రాజెక్టుల కోడ్‌ను ఉంచే వెబ్‌సైటు గిట్‌హబ్ 2017లో చేసిన సర్వేలో పాల్గొన్నవారిలోనూ స్త్రీలు 3 శాతమే కనుక, ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు.

కిందటి నెల మూడో సంవత్సరం విద్యార్థిని ఒకామె, హాస్టల్‌లో రాత్రి పదింటికే వైఫై ఆపేస్తే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, రెండు వారాలు శ్రమించి ఒక ప్రాజెక్టులోని లోపాన్ని సరిదిద్ది పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పును కోడ్‌లో చేర్చుకోమనే అభ్యర్థన) పంపింది. నియమాలు చదవమన్న ఒక్క ముక్కతో ఆ ప్రాజెక్టువాళ్లు దాన్ని మూసేశారు. ఏ నియమం తప్పిందో ఎవరూ చెప్పలేదు. ఆమె మళ్లీ ప్రయత్నించలేదు. చేతకాక కాదు, ఆ కోడ్ నేను చూశాను.

ఈ రంగంలో తక్కువగా కనిపించేవారికి ఓపెన్ సోర్స్‌లో అవకాశమిచ్చే అవుట్‌రీచీ ఇంటర్న్‌షిప్‌కు ఎంపిక కావాలన్నా ముందుగా ఏదో ఒక ప్రాజెక్టులో పని చేసి చూపాలి కదా. తొలి ప్యాచ్‌ను (కోడ్ మార్పును) ఓపికగా చూసి తప్పొప్పులు చెప్పే మెయింటెయినర్లు (ప్రాజెక్టు నిర్వాహకులు) ఉన్న ప్రాజెక్టులు మీ అనుభవంలో ఏవి? ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ తెలుగు అనువాదంతో మొదలుపెట్టిస్తే, అక్కడి నుంచి కోడ్ వైపు వెళ్లినవారు మీలో ఎవరైనా ఉన్నారా?