ఐదు నెలల కుక్కపిల్లకు శిక్షణ, 10 రోజుల ప్రయాణం: విజయనగరంలో నమ్మి ఎవరికి అప్పగించాలి?

బాబామెట్ట కోడలు:
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో బంటి అనే ఐదు నెలల ల్యాబ్రడార్ పిల్ల ఉంది. నెల రోజులుగా అది నడిచేవారి మడమలను, మరీ ముఖ్యంగా మా అత్తగారి చీర కుచ్చిళ్లను పట్టుకొని లాగుతోంది. ఆవిడ వార్తాపత్రిక చుట్టి బెదిరిస్తే అదీ ఆటే అనుకొని ఇంకా రెచ్చిపోతోంది. ఇదిలా ఉండగా, వచ్చే నెలలో మేమందరం 10 రోజులు కాశీయాత్రకు వెళ్లవలసి ఉంది. తెలిసినవారు చెప్పిన ఒక శిక్షకుడు 21 రోజులు బంటిని తన షెడ్డులో ఉంచుకొని, కూర్చోవడం, పిలిస్తే రావడం నేర్పి, కరిచే అలవాటు మాన్పించి అప్పగిస్తానన్నారు. ఒకే దెబ్బకు రెండు పిట్టలని మావారు సంబరపడుతున్నారు. కానీ ఆ 21 రోజులూ చూడడానికి రాకూడదనీ, ఇంటివారి వాసన తగిలితే నేర్చుకున్నదంతా మరిచిపోతుందనీ ఆయన పెట్టిన షరతు నాకు మింగుడుపడడం లేదు. పంపవచ్చునా?

దాసన్నపేట, విశ్రాంత పశువైద్య సహాయకుడు:
అమ్మా, మింగుడుపడని మాటను మింగకండి. ఇంటివారి వాసనకే మరిచిపోయే విద్య అయితే, ఇంటికి వచ్చిన మొదటి గంటలోనే మరిచిపోతుంది కదా. ఐదో నెల అంటే పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చే కాలం. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా చిగుళ్ల దురదతో దొరికినదల్లా కొరుకుతాయి. అందుకు కొట్టడం వలన చేతిని చూస్తే భయపడడం తప్ప అది నేర్చుకునేది ఏమీ ఉండదు. పాత తువ్వాలును తడిపి, మెలిపెట్టి, ఫ్రిజ్‌లో చల్లబరిచి కొరకడానికి ఇవ్వండి. కుచ్చిళ్లు పట్టుకున్నప్పుడు అత్తగారు లాక్కోకుండా, కేకలు వేయకుండా కదలక నిలబడాలి; లాక్కుంటే దానికది తాడు లాగే ఆట. వదిలిన వెంటనే, అంటే ఒకటి రెండు సెకన్లలోపే, మెచ్చుకొని ఎముక లేని ఉడికించిన కోడిమాంసం ముక్క చిన్నది పెట్టాలి. ఆలస్యమైతే ఆ ముక్క దేనికి దక్కిందో దానికి తెలియదు.

ఇక పిలిస్తే రావడం గురించి. మీ ఇంట్లో దానిని ఎంతమంది ఎన్ని రకాలుగా పిలుస్తున్నారో ఒకసారి లెక్కపెట్టండి. నేను చూసిన ఒక ఇంట్లో తాతగారు 'రా' అనేవారు, మనవడు 'కమ్' అనేవాడు, పనిమనిషి నోటితో చప్పుడు చేసేది. ఆ కుక్క ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసి, చివరకు వంటింటి గుమ్మంలో పడుకునేది. ఒకే మాట మీద అందరూ నిలబడి, పూటకు ఐదు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు సాధన చేయిస్తే చాలు. శిక్షకుణ్ణి పెట్టుకోదలిస్తే ఇంటికే వచ్చి, మీ చేత చేయించేవారిని పెట్టుకోండి.

తోటపాలెం వాసి:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. కొన్నేళ్ల క్రితం సిరిమాను సంబరానికి ఇల్లు చుట్టాలతో నిండిపోతుందని మా కుక్కను వారం రోజులు ఒక సంరక్షణ కేంద్రంలో ఉంచాను. గేటు దాటగానే ఫినాయిల్ వాసన గుప్పుమంటే, ఎంత శుభ్రమోనని మురిసిపోయాను కూడా. ఇంటికి తెచ్చిన రెండు వారాలకు జ్వరం వచ్చింది, ముక్కు నుంచి రక్తం కారింది. రక్తపరీక్షలో, పిడుదుల వలన వచ్చే ఎర్లికియా అని తేలి నెల రోజులు మందు వాడవలసి వచ్చింది. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు గోడ పగుళ్లలో దాక్కొని నెలల తరబడి బతుకుతుందని అప్పుడే తెలుసుకున్నాను. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్‌ది మరో కథ. దానిని మామూలు ఫినాయిల్ చంపలేదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. కనుక వాసనను బట్టి కాక, వంగి గోడ అడుగున ఉన్న పగుళ్లను, వీలైతే అక్కడి కుక్కల చెవుల లోపల, కాలివేళ్ల సందులను చూసి నిర్ణయించుకోండి.

అరసవల్లి దారి, శ్రీకాకుళం:
కేంద్రాలన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. నేను ఏటా నా రెండు కుక్కలనూ ఒకచోట నిశ్చింతగా వదులుతున్నాను. అయితే ఎంచుకునే ముందు, చెప్పకుండా మిట్టమధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి చూశాను. కుక్కకు అరికాళ్లలో తప్ప చెమట పట్టదు, రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకోవాలి. అందుచేత ఎండాకాలంలో ఫ్యాను లేని రేకుల షెడ్డు దాని ప్రాణం మీదకు తేగలదు. టీకాల పుస్తకం అడగకుండా చేర్చుకునేవారి వద్ద అసలు వదలకండి. మిమ్మల్ని అడగనివారు పక్క కుక్కవారిని మాత్రం అడిగి ఉంటారా? పార్వోకు, డిస్టెంపర్ అనే మరో ప్రాణాంతక వైరస్ జబ్బుకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై 16వ వారం దాకా విడతలుగా పడాలి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయించి ఏడాదికి మళ్లీ వేయించాలి. పుస్తకంలో సందేహం ఉంటే మీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే కదా. ప్రయాణానికి ముందు ఒక్క రాత్రి అక్కడ ఉంచి తెచ్చి, రెండు రోజుల తరువాత అదే గేటు దగ్గరకు తీసుకువెళ్లి దాని తోక ఎలా ఉన్నదో చూడండి; కాళ్ల మధ్యకు ముడుచుకుంటే అక్కడ భయపడిందన్నమాట.

దాసన్నపేట వారితో ఒక్కచోట విభేదిస్తున్నాను. అరవై దాటిన మనిషిని, పిల్ల కుచ్చిళ్లు లాగుతుంటే కదలక నిలబడమనడం పడిపొమ్మనడమే. అత్తగారు తిరిగే వేళల్లో దానిని గొలుసుతో కట్టి ఉంచడమో, గుమ్మానికి చిన్న అడ్డుతలుపు పెట్టడమో మేలు. ఆటలోనే అయినా పన్ను దిగి చర్మం చిట్లితే, ధారగా పడే నీటితో సబ్బుపెట్టి 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లండి. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు.

బాబామెట్ట కోడలు:
అందరికీ కృతజ్ఞతలు. వారానికి రెండుసార్లు వచ్చి చూసుకుంటామని అడిగితే శిక్షకుడు కుదరదన్నారు కనుక ఆ ఆలోచన మానుకున్నాము. పుస్తకం తీస్తే పార్వో చివరి విడత వేయించనే లేదని బయటపడింది. రేపు ఉదయం తీసుకువెళ్తున్నాము. పార్వతీపురంలో ఉన్న మా మరిది ఆ 10 రోజులూ వచ్చి ఇంట్లోనే ఉంటానన్నాడు. అతని కోసం 'రా', 'కూర్చో', 'వదులు' అనే మూడు మాటలను కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. మా ఇంట్లో పిలుపులు లెక్కపెడితే ఐదు తేలాయి, అందులో రెండు మావారివే.