ఫైను కట్టేశాను, లైసెన్సు మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. బండి తోలొచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో ఒక బట్టల కొట్టులో లెక్కలు చూస్తాను. కాపురం కూడా ఇక్కడే. లైసెన్సు మాత్రం ఆంధ్రాది. టెక్కలిలో చదువుకునే రోజుల్లో మా అమ్మమ్మగారి ఇంటి అడ్రసు మీద తీసుకున్నాను.

పోయిన నెల మా బావమరిదిని గుణుపురం రైలు ఎక్కిద్దామని బండి మీద స్టేషనుకి తీసుకెళ్తుంటే చెకింగులో ఆపారు. నాకు హెల్మెట్ ఉంది, వెనక వాడికి లేదు. వెయ్యి రూపాయలు ఫైను అన్నారు, అక్కడే కట్టేశాను. మెషీన్లోంచి రసీదు వచ్చింది. తర్వాత లైసెన్సు కార్డు తీసుకుని ఇంకో చీటీ రాసిచ్చారు. ఒరియా నేను బాగానే మాట్లాడతాను గానీ చదవడం రాదు. ఆ చీటీ పర్సులో పెట్టుకుని ఇన్నాళ్లూ బండి తోలుతూనే ఉన్నాను.

నిన్న ఆర్టీవో ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఫలానా తేదీన హాజరై మీ వాదన చెప్పుకోండి, లేకపోతే లైసెన్సు సస్పెండ్ చేస్తాం అని. ఫైను కట్టాక మళ్లీ ఇదేమిటి? తప్పు మా బావమరిదిదైతే సస్పెన్షన్ నాకెందుకు? అసలు ఆంధ్రా లైసెన్సుని ఒడిశాలో సస్పెండ్ చెయ్యగలరా? వారానికి రెండుసార్లు బాకీల వసూలుకి కాశీనగరం వెళ్లాలి. బండి లేకపోతే ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలీదు. రాత్రి నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (పాతపట్నం నుంచి)

తమ్ముడూ, దీనికింత కంగారెందుకు? కార్డు పోయిందని రాసిచ్చి శ్రీకాకుళం జిల్లాలో డూప్లికేటుకి పెట్టెయ్. మహేంద్రతనయ ఏరు దాటితే వేరే రాష్ట్రం. వాళ్ల కాగితాలు ఇక్కడిదాకా రావు. మా వీధిలో ఒకాయన అలాగే చేశాడు.

జవాబు (పర్లాకిమిడి, వకీలు)

పై సలహా దయచేసి పాటించవద్దు. చెప్పినాయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కాని దానివల్ల చిన్న కేసు పెద్దదవుతుంది.

బాబూ, ముందు ఫైను సంగతి. ఫైనూ సస్పెన్షనూ వేర్వేరు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 194డి ప్రకారం హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, దాంతో పాటు మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. జరిమానా అక్కడికక్కడ కట్టి కేసు రాజీ చేసుకున్నా, లైసెన్సు మీద నడిచే ప్రొసీడింగు ఆగదని 200వ సెక్షనులోనే రాశారు. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. రసీదు చేతికొచ్చింది, పనైపోయింది అనుకుంటారు. మీరూ అలాగే అనుకున్నారు, అందులో వింతేమీ లేదు.

తప్పు బావమరిదిది కదా అన్నారు. నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లూ, ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా, హెల్మెట్ పెట్టుకోవాలని 129వ సెక్షను చెబుతుంది. అది పాటించకుండా బండి ఎవరు నడిపితే శిక్ష వాళ్లకి. హ్యాండిలు మీ చేతిలో ఉంది కాబట్టి లెక్క మీది.

ఇప్పుడు అసలు విషయం. మీ పర్సులో ఉన్న చీటీ తీసి, అందులో 206 అనే అంకె పక్కన బ్రాకెట్లో ఏముందో చూడండి. పోలీసులు లైసెన్సు తీసుకోవడం రెండు రకాలు. డ్రైవరు సమన్లకి దొరక్కుండా పోతాడేమో అని 206(2) కింద తీసుకుంటే లైసెన్సు కోర్టుకి వెళ్తుంది. ఆ చీటీ చూపించి, లైసెన్సు తిరిగొచ్చేదాకా, లేదా అందులో వేసిన తేదీదాకా, బండి నడుపుకోవచ్చు. 206(4) కింద తీసుకుంటే మాత్రం లైసెన్సు సస్పెన్షన్ కోసం లైసెన్సింగ్ అథారిటీకి, అంటే ఆర్టీవో ఆఫీసుకి, వెళ్తుంది. ఆ చీటీ మీద బండి నడిపే హక్కు లేదని చట్టంలో సూటిగా ఉంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండే చీటీలు. హెల్మెట్, ముగ్గురు ఎక్కడం, అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, అంబులెన్సుకి దారివ్వకపోవడం, ఇవన్నీ 206(4)లోకి వస్తాయి.

చీటీ చూసి ఇక్కడ రాయండి.

ప్రశ్న అడిగినవారు

సార్, తీసి చూశాను. నాలుగు మడతలు పెట్టడంతో మడత దగ్గర కార్బన్ అక్షరాలు చెరిగిపోయాయి. మాటలన్నీ ఒరియాలో, అంకెలు మాత్రం ఇంగ్లీషులో ఉన్నాయి. కింద 194డి స్పష్టంగా ఉంది. పైన 206 ఉంది, బ్రాకెట్లో రెండో నాలుగో తెలియడం లేదు. మందుల షాపు ఆయన చేత చదివించాను. లైసెన్సింగ్ అథారిటీకి పంపడమైనది అని ఉందట.

వకీలు

అయితే అది నాలుగే. రెండైతే కోర్టుకి పంపినట్టు ఉండేది. పైగా ఆర్టీవో నోటీసు కూడా వచ్చింది. కొట్టు ముందు పెట్టిన బండిని సాయంత్రం ఎవరిచేతైనా ఇంటికి తెప్పించుకోండి, మీరు మాత్రం ఎక్కొద్దు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనుకోవద్దు.

ఆంధ్రా కార్డు విషయం. ఏ రాష్ట్రంలో తీసుకున్న లైసెన్సైనా దేశమంతటా చెల్లుతుంది. సస్పెండైతే దేశమంతటా చెల్లదు. చట్టం కేంద్రానిది, రికార్డు ఉండేది సారథి అనే ఒకే పోర్టల్‌లో. అనర్హత వేసినా రద్దు చేసినా ఆ వివరం పోర్టల్‌లో ఎక్కించాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన ఉంది. ఏటికి ఆ ఒడ్డున ఆపినా ఈ ఒడ్డున ఆపినా పోలీసు చూసేది ఆ రికార్డే.

డూప్లికేటు గురించి కూడా చెప్పాలి. పోలీసులు తీసుకున్న కార్డుని పోగొట్టుకున్నానని రాసివ్వడం అబద్ధపు వాంగ్మూలం. సస్పెన్షన్ ఆర్డరు వచ్చాకయితే, బండి నడపడమే కాదు, లైసెన్సుకి దరఖాస్తు పెట్టడం కూడా 182వ సెక్షను కింద నేరమే. మూడు నెలల దాకా జైలు, లేదా పదివేలు జరిమానా, లేదా రెండూ.

ఇంకో మాట. మీ కార్డు మీద అమ్మమ్మగారి అడ్రసు ఉంది కదా. ఇక ముందు రిజిస్టర్డ్ పోస్టు ఏదైనా ఆ అడ్రసుకీ వెళ్లొచ్చు. పోలీసు కాగితం అని భయపడి పెద్దావిడ వెనక్కి పంపేస్తారు. మీకు తెలియకుండానే గడువు దాటిపోతుంది. ఇవాళే ఫోన్ చేసి, ఏదొచ్చినా సంతకం పెట్టి తీసుకోమనండి.

ప్రశ్న అడిగినవారు

ఫోన్ చేశాను సార్. హియరింగులో ఏం మాట్లాడాలి? బండి మీదే బతుకుతెరువు అని చెప్పుకుంటే తగ్గిస్తారా?

వకీలు

ఉన్న మాట చెప్తాను. మొదటి తప్పుకి మూడు నెలలు అని చట్టమే 19(1ఎ)లో తేల్చేసింది. నేరం జరిగిందని అధికారి నమ్మితే, మీ బతుకుతెరువు చూసి దాన్ని నెలకి కుదించే వీలు అందులో లేదు. అయినా హియరింగుకి వెళ్లి తీరాలి. పోలీసులకి లైసెన్సు తీసుకుని పంపే అధికారమే ఉంది, సస్పెండ్ చేసే అధికారం లేదు. 2025లో కలకత్తా హైకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. మీ మాట విన్నాకే అధికారి నిర్ణయించాలి. మిమ్మల్ని వదిలెయ్యాలన్నా సస్పెండ్ చెయ్యాలన్నా ఆయన చేతిలోనే ఉంది, సస్పెండ్ చేస్తే కారణాలు రాతలో ఇవ్వాలి. చలానాలో బండి నంబరు తప్పు పడిందా, ఫోటోలో ఉన్నది మీరేనా, ఇలాంటివి ఉంటే చెప్పుకునే చోటు అదే. మీ విషయంలో జరిగింది నిజం. కాబట్టి నిజమే చెప్పండి, ఇది మొదటిసారి అని చెప్పండి. కార్డు పోయిన నెలే తీసుకున్నారు కాబట్టి ఆ రోజులు కూడా లెక్కలో వెయ్యమని తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక అర్జీ రాసి ఇవ్వండి. ఇస్తారని నేను మాటివ్వలేను. అడిగినట్టు రికార్డులో ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి.

ఆర్డరు నచ్చకపోతే ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన సస్పెన్షన్ ఆగదు, పై అధికారి స్టే ఇస్తేనే ఆగుతుంది. మూడు నెలలు గడిచాక కూడా కార్డు దానంతటది రాదు. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో రిఫ్రెషర్ కోర్సు పూర్తి చెయ్యాలి. ఆ కోర్సు చివర్లో పెట్టుకోకండి, మొదటి నెలలోనే ఎక్కడుందో కనుక్కోండి. ఇదే తప్పు రెండోసారి జరిగితే సస్పెన్షన్ కాదు, లైసెన్సు రద్దే.

జవాబు (గుణుపురం నుంచి, వ్యాను డ్రైవరు)

వకీలుగారు చెప్పిందంతా నాకు జరిగిందే. తమ్ముడికి పనికొస్తుందని రాస్తున్నాను.

సామాన్లేసుకునే వ్యాన్లో పెళ్లివారిని ఎక్కించుకెళ్లాను. ఇరవై మంది దాకా ఉంటారు, ముసలోళ్లు, పిల్లలు. గూడ్సు బండిలో మనుషుల్ని ఎక్కిస్తే లైసెన్సు తీసేస్తారని అప్పటిదాకా నాకు తెలీదు. మూడు నెలలు సస్పెండ్ చేశారు. ఒక ఏజెంటు మూడు వేలు ఇస్తే వారంలో కార్డు తెచ్చిస్తానన్నాడు. ఇచ్చాను. వారం కాదు, మళ్లీ ఫోనే ఎత్తలేదు.

ఐదో వారంలో ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. రాత్రిపూట ఎవరు చూస్తారులే అని ఒక కిరాయికి వెళ్లాను. ఆపారు. డిజిలాకర్లో పాత లైసెన్సు ఉంటే అది చూపించాను. ఆ ఎస్సైగారు ఏమీ అనలేదు. నంబరు మెషీన్లో కొట్టి, తెర నా వైపు తిప్పారు. నా పేరు, నా ఫోటో, దాని కింద సస్పెండెడ్ అని ఉంది. పదివేలు పడింది. ఆ పదివేలకి మా ఆవిడ చెవి కమ్మలు తాకట్టు పెట్టాం. ఇప్పటికీ విడిపించలేదు.

కార్డు ఇంట్లో మర్చిపోయాను అని, ఫోన్లో ఉంది అని చెప్తే గడిచిపోయే రోజులు కావు తమ్ముడూ. వాళ్లు కార్డు చూడరు, నంబరు చూస్తారు. ఎవడైనా ఏజెంటు వచ్చి మాట్లాడితే దండం పెట్టి పంపించెయ్.

ప్రశ్న (రాయగడ నుంచి)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాకు రాయగడలో ఒక లారీ ఉంది, డ్రైవరు పార్వతీపురం వైపు అబ్బాయి. నమ్మకస్తుడే, కాని ఈ చర్చ చదివాక భయమేసింది. అతని లైసెన్సు సస్పెన్షన్లో ఉండి మాకు చెప్పకపోతే మా మీదకొస్తుందా?

వకీలు

వస్తుందమ్మా. చెల్లే లైసెన్సు లేని వ్యక్తికి బండి ఇస్తే యజమానికి 180వ సెక్షను కింద ఐదువేల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు. అంతకంటే పెద్ద నష్టం ఇన్సూరెన్సులో ఉంది. అనర్హత ఉన్న డ్రైవరు నడుపుతుండగా ప్రమాదం జరిగితే కంపెనీకి తప్పుకునే దారి దొరుకుతుంది. స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఇచ్చిన తీర్పు తర్వాత, గాయపడినవాళ్లకి ముందు కంపెనీ కట్టి, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు ఆదేశించడం చూస్తున్నాం. యజమాని తెలిసీ ఇచ్చాడా, జాగ్రత్త తీసుకున్నాడా అన్నది కూడా చూస్తారు. ఆ జాగ్రత్త మీరు తీసుకున్నట్టు కనపడాలి.

పరివాహన్ వెబ్‌సైటులో లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే స్టేటస్ వస్తుంది. జీతం ఇచ్చే రోజున ప్రతి నెలా చూసి, స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకునే చూడండి, అనుమానించారని అనుకోడు.

రాయగడ నుంచి

ఇప్పుడే చూశాం సార్. యాక్టివ్ అని ఉంది. ధన్యవాదాలు.

జవాబు (పాతపట్నం నుంచి)

డూప్లికేటు సలహా ఇచ్చింది నేనే. ఇంత ఉందని తెలీక రాశాను తమ్ముడూ, మన్నించు. కాశీనగరం వెళ్లాల్సిన రోజుల్లో గుణుపురం రైలు అక్కడ ఆగుతుంది కదా, టైము కుదురుతుందేమో చూసుకో. నాకు ఖాళీ ఉన్న రోజు చెప్తే నా బండి మీద నేనే తీసుకెళ్తాను. రెండు హెల్మెట్లూ నావే.

వకీలు

మంచి మాట. ఇంకోటి. 250 వాట్ల లోపు మోటారుతో గంటకి 25 కిలోమీటర్లు దాటని చిన్న బ్యాటరీ బండ్లకి లైసెన్సు అక్కర్లేదు. కొనేముందు ఆ కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ కాగితం అడగండి. షాపువాళ్ల నోటిమాట నమ్మొద్దు. వేగంగా వెళ్లేవాటిని కూడా లైసెన్సు అక్కర్లేదని అమ్మేస్తుంటారు.

ప్రశ్న అడిగినవారు (పన్నెండు రోజుల తర్వాత)

హియరింగ్ అయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అర్జీ తీసుకుని కాపీ మీద స్టాంపు వేసి ఇచ్చారు. మూడు నెలలు సస్పెన్షన్. కార్డు తీసుకున్న రోజు నుంచి లెక్క వెయ్యలేదు, ఆర్డరు తేదీ నుంచే వేశారు. అప్పీలు వెయ్యడం లేదు సార్, అడిగి చూశాను, అంతే చాలు.

మా సేటుకి ఆర్డరు చూపించి విషయం చెప్పేశాను. కాశీనగరం వసూళ్లు ఈ మూడు నెలలు ఇంకో కుర్రాడికి అప్పగించారు, నన్ను కొట్లోనే ఉండమన్నారు. రిఫ్రెషర్ కోర్సు కోసం బరంపురంలో రెండు డ్రైవింగ్ స్కూళ్లకి ఫోన్ చేశాను. ఒకరు ఎత్తలేదు, ఇంకొకరు సోమవారం రమ్మన్నారు. ఆర్డరు కాపీ, ఆధారు కాకుండా ఇంకేమైనా తీసుకెళ్లాలా?

గుణుపురం నుంచి

రెండు ఫోటోలు పట్టుకెళ్లు తమ్ముడూ. కోర్సయ్యాక సర్టిఫికెట్ ఒరిజినల్ ఆఫీసులో ఇచ్చేముందు జిరాక్సు తీసి ఉంచుకో. నాది ఫైల్లో కనపడలేదన్నారు, ఆ జిరాక్సే ఆదుకుంది.