ఘాజీ సినిమా సబ్‌మెరైన్ సెట్ ఎవరు వేశారు?

అందరికీ నమస్కారం. 2017లో వచ్చిన ‘ఘాజీ’ నిన్న రాత్రి మళ్లీ చూశాను. దర్శకుడు సంకల్ప్ రెడ్డి, కెమెరా మది, రానా, కేకే మీనన్, అతుల్ కులకర్ణి నటించారు, ఇంతవరకు తెలుసు. నాకు కావలసింది సెట్ వేసినవాళ్ల పేర్లు. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లినప్పుడు గుండ్రటి తలుపులోంచి నడుం వంచి దూరాం. గోడ నిండా చక్రాలు, పైపులు, మీటర్లు. సినిమాలోనూ అచ్చం అదే ఇరుకు, ఊపిరాడనట్టు! నటులకు ఆ మీటలు తిప్పడం, ఆర్డర్లు ఇవ్వడం నేర్పింది నేవీలో రిటైరైనవాళ్లేనా? చివరి టైటిల్స్ ఫోన్‌లో చదవడం కుదరలేదు. మా తమ్ముడు ఆర్ట్ డైరెక్షన్ నేర్చుకుంటున్నాడు, వాడికి చాలా అవసరం. ఆ టీమ్‌లో పనిచేసినవాళ్లు గానీ, తెలిసినవాళ్లు గానీ ఉంటే దయచేసి చెప్పండి.