తెల్లమద్ది బెరడు గుండె కణాలను కాపాడుతుందా?

చెరువుగట్టు:
నాన్నగారికి నిరుడు గుండెపోటు వచ్చింది, స్టెంటు వేశారు. ఇప్పుడు రోజూ ఉదయం తెల్లమద్ది పాలకషాయం తాగుతున్నారు. బెరడు పొడికి ఎనిమిది రెట్లు పాలు, ముప్పై రెండు రెట్లు నీళ్ళు పోసి, నీళ్ళన్నీ ఇగిరి పాలు మిగిలేదాకా సన్నని మంట మీద కాస్తారు. పాలు లేత ఎరుపుకు తిరుగుతాయి, నాలుకంతా వగరు. ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడి కాలం నుంచి హృద్రోగానికి వాడుతున్న బెరడు ఇది. ఇందులోని అర్జునోలిక్ ఆమ్లం ఎలుకల గుండె కణాలను కాపాడిందని పరిశోధనలూ ఉన్నాయి. మరి డాక్టర్లు ఎందుకు రాయరు?

సూక్ష్మదర్శిని:
ఆ ఎలుకల ప్రయోగాలు ఎలా జరుగుతాయో చూడండి. సాధారణంగా ముందు కొన్ని రోజులో వారాలో మందు పట్టిస్తారు. ఆ తర్వాతే ఐసోప్రొటెరినాల్ సూది వేసి గుండెకు గాయం చేస్తారు. కణాలు చిట్లినప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు ఎంత తగ్గాయో కొలుస్తారు. అంటే దొంగ రాకముందే కాపలా పెట్టారన్నమాట. మీ నాన్నగారి గుండెకు గాయం ఎప్పుడో అయిపోయింది. చనిపోయిన కణాన్ని ఏ బెరడూ బతికించదు.

పాలపిట్ట:
అలా కొట్టిపారేయడం అన్యాయం. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 12 మందికి, మామూలు మందులు ఆపకుండానే, ఈ బెరడు సారం రోజుకు మూడుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు ఇస్తే మేలు కనిపించిందని 1995లోనే ప్రచురించారు. గుండె జబ్బుకు డాక్టర్లు వాడే డిజిటాలిస్ మందు కూడా ఆకులోంచి వచ్చిందే కదా!

సూక్ష్మదర్శిని:
పన్నెండు మందే కదండీ. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 100 మందితో 12 వారాల పరీక్ష జరిపి 2016లో ఫలితాలు వెల్లడించారు. గుండె రక్తాన్ని నెట్టే శక్తి పెరగలేదు. కొందరిలో ఆయాసం లేకుండా తిరిగే ఓపిక మాత్రం మెరుగుపడింది, దాన్ని నేను కాదనను. ఇక డిజిటాలిస్ సంగతి: 1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ దాని మోతాదులను రోగి రోగికీ రాసిపెట్టాడు కాబట్టే అది మందుగా నిలబడింది. కొంచెం ఎక్కువైతే అదే విషం. మన ఇళ్ళలో కాచే కషాయంలో సారం ఎంత దిగిందో ఎవరు కొలుస్తున్నారు? కషాయం తాగినా, మాత్రలు మాత్రం మానకూడదు.

చెరువుగట్టు:
ఇది చదివి నాన్నగారి మందుల పెట్టె తీశాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రల అట్టలో పదకొండు అలాగే ఉన్నాయి. అడిగితే, "కషాయం తాగుతున్నానుగా" అన్నారు. ఇప్పుడే డాక్టరుగారికి ఫోను చేస్తున్నాను.